ఒక సమస్యకు ఒక బ్రాంచి: శ్రీకాకుళం విద్యార్థులతో గిట్ పని (నా అనుభవం)

శ్రీకాకుళం, ఎచ్చెర్ల, రాజాం, విజయనగరం చుట్టుపక్కల ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి పంపే మార్పులను చూసి, దిద్దించి, మెర్జ్ చేసే (ప్రాజెక్టులో కలిపే) పని నాది. ప్రాజెక్టు చిన్నదే: పైథాన్ కోడు, దాంతోపాటు తెలుగు అనువాదాలుండే పీఓ ఫైళ్ళు. కోడులో తప్పులుంటే రివ్యూలో దొరుకుతాయి, పిల్లలు దిద్దుకుంటారు. పని ఆగిపోయేది అక్కడ కాదు, గిట్ (కోడు మార్పుల చరిత్రను దాచే పరికరం) బ్రాంచిల దగ్గర. బ్రాంచి అంటే అసలు కోడుని కదపకుండా విడిగా పని చేసుకునే దారి. మొదటి మార్పు చక్కగా పంపిన కుర్రాడు రెండోది పంపలేక మానేశాడంటే, కారణం చాలాసార్లు ఈ గందరగోళమే. అందుకే కొత్తగా వచ్చినవాళ్ళకి కోడుకంటే ముందు బ్రాంచి గురించే చెబుతాను. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను. కమాండ్లు తెలుగు లిపిలో ఉన్నాయి. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో కొట్టాలి.

క్లోన్, రిమోట్‌లు

హాస్టల్ వైఫై మీదో, ఫోన్ హాట్‌స్పాట్ మీదో పనిచేసేవాళ్ళే ఎక్కువ. క్లోన్ (ప్రాజెక్టు నకలును సొంత సిస్టంలోకి దించుకోవడం) మధ్యలో నెట్ తెగితే గిట్ ఆగిన చోటి నుంచి అందుకోదు, మళ్ళీ మొదటి నుంచి దించుతుంది. దీనికి అందరూ పట్టుకునే చిట్కా --డెప్త్ 1. చివరి కమిట్ (గిట్‌లో నమోదు చేసిన మార్పు) ఒక్కటే వస్తుంది కాబట్టి పని వెంటనే మొదలవుతుంది. కానీ వెనకటి చరిత్ర లేనప్పుడు రెండు బ్రాంచిలు ఎక్కడ విడిపోయాయో గిట్‌కి తెలియదు. నెల తర్వాత రీబేస్ (సొంత కమిట్‌లను తాజా కోడు మీద మళ్ళీ పేర్చడం) చేయబోతే, ఆ విద్యార్థి ముట్టుకోని ఫైళ్ళలో కూడా కాన్‌ఫ్లిక్ట్‌లు (ఒకే చోట రెండు మార్పులు ఢీకొనడం) లేస్తాయి. నేను వాడమనేది ఇది:

గిట్ క్లోన్ --ఫిల్టర్=బ్లాబ్:నన్ <ఫోర్క్ చిరునామా>

కమిట్‌ల చరిత్ర మొత్తం వస్తుంది. పాత ఫైళ్ళ లోపలి సరుకు మాత్రం అవసరం పడినప్పుడు దిగుతుంది. దీనికో చిక్కుంది: నెట్ లేనప్పుడు గిట్ బ్లేమ్ (ఏ లైను ఎవరు మార్చారో చూపేది) లాంటివి ఆగిపోతాయి. ఇప్పటికే డెప్త్ 1తో తెచ్చుకున్నవాళ్ళు నెట్ బాగున్న రోజు గిట్ ఫెచ్ --అన్‌షాలో కొడితే చాలు.

క్లోన్ చేసేది సొంత ఫోర్క్‌ని, అంటే ప్రాజెక్టు ఉండే గిట్‌హబ్ సైటులో సొంత ఖాతాలోకి తీసుకున్న నకలుని; దాని పేరు ఆరిజిన్. అసలు ప్రాజెక్టును గిట్ రిమోట్ యాడ్ అప్‌స్ట్రీమ్ <చిరునామా> అని రెండో రిమోట్‌గా (నెట్‌లో ఉన్న కాపీగా) కలపాలి. ఆ వెంటనే ఇంకో లైను కూడా కొట్టిస్తాను: గిట్ రిమోట్ సెట్-యూఆర్‌ఎల్ --పుష్ అప్‌స్ట్రీమ్ నో-పుష్. దీంతో అప్‌స్ట్రీమ్ నుంచి తెచ్చుకోవడమే కుదురుతుంది, పొరపాటున పంపడం (పుష్) కుదరదు. అనుమతి లేనివాళ్ళకి ఎలాగూ పుష్ అవదు కదా అనుకోవచ్చు. కానీ ఇవాళ్టి విద్యార్థే రేపు మెయింటెయినర్ (ప్రాజెక్టు చూసుకునేవాడు) అవుతాడు, అనుమతి వస్తుంది, ఇదే ల్యాప్‌టాప్ అప్పటికీ ఉంటుంది.

ల్యాబ్ కంప్యూటర్లు

సొంత ల్యాప్‌టాప్ లేనివాళ్ళు ల్యాబ్‌లో పనిచేస్తారు. అక్కడ గిట్ కాన్ఫిగ్ (సెట్టింగులు పెట్టే కమాండ్)తో --గ్లోబల్ అని పెట్టిన పేరూ మెయిలూ తర్వాత కూర్చున్నవాళ్ళకి కూడా అంటుకుంటాయి. పని ఒకరిది, కమిట్ మీద పేరు ఇంకొకరిది. మెర్జ్ అయిపోయాక దాన్ని మార్చే దారి లేదు, ఎందుకంటే మెయిన్ (ప్రాజెక్టు అసలు బ్రాంచి) చరిత్రను ఒకరి కోసం తిరగరాయలేం. ల్యాబ్‌లో పేరు, మెయిలు --గ్లోబల్ లేకుండా ఆ రిపోకే (ఆ ప్రాజెక్టు ఫోల్డరుకే) పెట్టుకోవాలి. ల్యాబ్ చూసుకునే సార్ ఒప్పుకుంటే గ్లోబల్‌గా యూజర్.యూజ్‌కాన్ఫిగ్‌ఓన్లీ ట్రూ అని పెట్టి, పాత పేరు తీసేయిస్తాను. అప్పుడు పేరు ఇవ్వనిదే గిట్ కమిట్ చేయనివ్వదు.

పుష్ చేసే ముందు గిట్ లాగ్ -3 చూసి ఆథర్ పేరు సరిచూసుకోవడం అలవాటవ్వాలి. చివరి కమిట్ ఒక్కటే తప్పయితే గిట్ కమిట్ --అమెండ్ --రీసెట్-ఆథర్ --నో-ఎడిట్. నాలుగైదు తప్పయితే గిట్ రీబేస్ అప్‌స్ట్రీమ్/మెయిన్ --ఎగ్జిక్ అని, కోట్స్ మధ్య ఆ అమెండ్ కమాండే ఇస్తే వరసగా అన్నిటికీ చేస్తుంది. మెయిలు గిట్‌హబ్ ఖాతాలో నమోదైనదే అయి ఉండాలి. లేకపోతే కమిట్ ప్రాజెక్టులో ఉంటుంది గానీ విద్యార్థి ప్రొఫైల్‌కి చేరదు. ఉద్యోగం కోసం ఆ ప్రొఫైల్ చూపించుకునే పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. ఇద్దరు ఒకే సిస్టం మీద కూర్చుని చేస్తే కమిట్ సందేశం చివర ఖాళీ లైను వదిలి, కో-ఆథర్డ్-బై: అని రెండోవాళ్ళ పేరు, మెయిలు రాయాలి.

పుష్ చేస్తే 403 వచ్చి, "పర్మిషన్ డినైడ్" పక్కన ఎవరిదో పేరు కనిపిస్తే తప్పు గిట్‌ది కాదు. విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో ముందు కూర్చున్నవాళ్ళ లాగిన్ ఉండిపోయింది. దాన్ని తీసేసి మళ్ళీ పుష్ చేయాలి. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ పాస్‌వర్డ్‌తో పుష్ ఒప్పుకోవడం లేదు. ల్యాబ్‌లో అయితే ఆ ఒక్క ఫోర్క్‌కే పనిచేసే, కొద్ది రోజుల గడువున్న టోకెన్ (పాస్‌వర్డ్ బదులు వాడే కోడు) మంచిది.

మెయిన్ మీద కమిట్ చేయకూడదు

ఫోర్క్‌లో ఉన్న మెయిన్ అప్‌స్ట్రీమ్ మెయిన్‌కి నకలు. అంతకుమించి అక్కడ ఏమీ ఉండకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగతా ఇబ్బందుల్లో సగం పుట్టవు. ఎందుకో లెక్క చూడండి. ఒకమ్మాయి మెయిన్ మీదే మూడు కమిట్‌లు చేసి, అక్కడి నుంచే పుల్ రిక్వెస్ట్ (మార్పులు కలుపుకోమని అడగడం) పంపింది. మేం దాన్ని స్క్వాష్ మెర్జ్ చేస్తాం. అంటే ఆ మూడూ కలిసి, కొత్త ఐడీతో ఒకే కమిట్‌గా అప్‌స్ట్రీమ్‌లో చేరతాయి. ఆమె మెయిన్‌లో మాత్రం పాత మూడూ అలాగే ఉన్నాయి. ఇప్పుడు పుల్ చేస్తే (అప్‌స్ట్రీమ్ నుంచి తెచ్చి కలిపితే) గిట్ కళ్ళకి ఇవి రెండు వేరు చరిత్రలు. మధ్యలో ఒక మెర్జ్ కమిట్ పుడుతుంది. రెండో పని మెయిన్ మీదే చేసి పంపితే, ఆ పుల్ రిక్వెస్ట్‌లో పాత మూడు, మెర్జ్ ఒకటి, కొత్తది ఒకటి, మొత్తం ఐదు కనిపిస్తాయి. ఈలోగా ఇంకెవరైనా ఆ లైన్లే మార్చి ఉంటే, ఎప్పుడో మెర్జ్ అయిపోయిన పనికి ఇప్పుడు కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. ఆ అమ్మాయికి ఏం జరిగిందో అర్థం కాదు. అర్థం కాకపోవడంలో ఆమె తప్పేమీ లేదు.

ఇప్పటికే మెయిన్ మీద కమిట్‌లు పడిపోయి ఉంటే ఈ వరసలో సర్దాలి, వరస తప్పకూడదు. ముందు గిట్ స్టేటస్. కమిట్ చేయని మార్పు ఒక్కటి కూడా ఉండకూడదు. తర్వాత గిట్ బ్రాంచ్ ఓల్డ్-మెయిన్ అని ఉన్నదాన్ని ఒక పేరుతో దాచాలి. ఆ తర్వాతే గిట్ ఫెచ్ అప్‌స్ట్రీమ్, గిట్ రీసెట్ --హార్డ్ అప్‌స్ట్రీమ్/మెయిన్, గిట్ పుష్ --ఫోర్స్-విత్-లీజ్ ఆరిజిన్ మెయిన్. ఫోర్క్ మెయిన్ నుంచే వచ్చిన పుల్ రిక్వెస్ట్ ఇంకా తెరిచి ఉంటే మాత్రం ఇది చేయకూడదు. మెయిన్ వెనక్కి వెళ్ళగానే ఆ పుల్ రిక్వెస్ట్‌లో తేడా ఏమీ మిగలక అదంతట అదే మూసుకుపోతుంది, తిరిగి తెరవడం కష్టమవుతుంది. దాని సంగతి తేలేదాకా మెయిన్‌ని కదపకుండా, కొత్త పనికి అప్‌స్ట్రీమ్/మెయిన్ నుంచి నేరుగా బ్రాంచి తీసుకోవాలి.

గిట్‌హబ్ పేజీలో కనిపించే "సింక్ ఫోర్క్" బటన్ మంచిదే. కానీ మెయిన్ మీద సొంత కమిట్‌లు ఉండి, అవి అప్‌స్ట్రీమ్‌తో ఢీకొంటే అది "డిస్కార్డ్ కమిట్స్" అని అడుగుతుంది. చదవకుండా నొక్కితే ఫోర్క్‌లో ఆ కమిట్‌లు పోతాయి. జరగకుండా చూడాలంటే ప్రీ-కమిట్ అనే పరికరంలో నో-కమిట్-టు-బ్రాంచ్ అనే హుక్ (కమిట్‌కి ముందు దానంతట అదే నడిచే తనిఖీ) ఉంది. ప్రాజెక్టు సెట్టింగ్ ఫైల్లో దాన్ని పెట్టి, ప్రతివాళ్ళ చేతా ప్రీ-కమిట్ ఇన్‌స్టాల్ ఒకసారి కొట్టించాలి. మెయిన్, మాస్టర్ రెండిటి మీదా కమిట్ ఆగుతుంది. దీంతోపాటు పుల్.ఎఫ్‌ఎఫ్ ఓన్లీ అని పెట్టుకుంటే, తెలియకుండా మెర్జ్ కమిట్‌లు పుట్టడం ఆగుతుంది.

బ్రాంచి తీసే పద్ధతి

గిట్ ఫెచ్ అప్‌స్ట్రీమ్
గిట్ స్విచ్ -సి 214-డేట్-ఫార్మాట్ --నో-ట్రాక్ అప్‌స్ట్రీమ్/మెయిన్

స్విచ్ 2019 ఆగస్టులో వచ్చిన గిట్ 2.23 నుంచి ఉంది. ల్యాబ్‌లో అంతకంటే పాతది ఉంటే చెకౌట్ -బి వాడాలి. ఇక్కడ --నో-ట్రాక్ ఎందుకంటే, రిమోట్ బ్రాంచి మీంచి తీసినప్పుడు కొత్త బ్రాంచి అప్‌స్ట్రీమ్/మెయిన్‌కే ముడిపడుతుంది. తర్వాత ఉత్తి గిట్ పుష్ కొడితే పేర్లు కలవలేదని గిట్ ఆపి, గిట్ పుష్ అప్‌స్ట్రీమ్ హెడ్:మెయిన్ కొట్టొచ్చని తనే సూచిస్తుంది. పిల్లలు దాన్ని కాపీ చేసి కొడతారు. అంటే అసలు ప్రాజెక్టు మెయిన్‌లోకి నేరుగా పంపబోతున్నారన్నమాట. ముడి లేకపోతే మొదటిసారి గిట్ పుష్ -యూ ఆరిజిన్ హెడ్ కొట్టాలి. అప్పుడు ముడి సరైన చోట పడుతుంది.

పేరుకి ఇష్యూ (ప్రాజెక్టు పేజీలో నమోదైన సమస్య) నంబరు, రెండు మూడు పదాలు చాలు. ఫిక్స్ అనే పేరుతో బ్రాంచి ఒకటి ఉంటే ఫిక్స్/లాగిన్ అని ఇంకోటి తీయనివ్వదు, ఎందుకంటే లోపల ఒకటి ఫైలు, ఇంకోటి ఫోల్డరు కావాలి. అందుకే మా దగ్గర స్లాష్‌లు వద్దంటాను. తెలుగు పేరు పెట్టినా గిట్ ఒప్పుకుంటుంది గానీ అన్ని టెర్మినల్స్‌లో సరిగ్గా కనపడదు. తెలుగు ఫైలు పేర్లదీ ఇదే కథ: త అనే అక్షరం గిట్ స్టేటస్‌లో \340\260\244 అని కనిపిస్తుంది. ఫైలు పాడైపోయిందని కంగారుపడతారు. కోర్.కోట్‌పాత్ ఫాల్స్ అని పెడితే మామూలుగా తెలుగులోనే చూపిస్తుంది.

ఒక బ్రాంచిలో ఒకే సమస్య. "పనిలో పనిగా" అని ఇంకో ఫైల్లో స్పేసులు సర్దేసి పంపితే, అసలు మార్పు ఎనిమిది లైన్లయినా రివ్యూకి మూడు వందల లైన్లు చదవాల్సి వస్తుంది. విండోస్‌లో లైన్ ఎండింగ్‌లు మారిపోయి, ఫైలు మొత్తం మారినట్టు కనపడటం కూడా మామూలే. ప్రాజెక్టులో .గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి * టెక్స్ట్=ఆటో అని రాస్తే అది మెయింటెయినర్ వైపు నుంచే తీరిపోతుంది. విద్యార్థి సెట్టింగుల మీద ఆధారపడక్కర్లేదు.

ఒక పని మీద ఇంకో పని

మొదటి మార్పు రివ్యూలో ఉండగానే దాని మీద ఆధారపడే రెండోది మొదలుపెట్టాల్సి వస్తుంది. హుషారైన పిల్లలకి ఇది తప్పదు, ఆపకూడదు కూడా. 214 బ్రాంచి మీంచి 220 బ్రాంచి తీస్తారు. 214 స్క్వాష్ అయ్యి మెర్జ్ అయ్యాక 220ని ఉత్తి రీబేస్ చేస్తే గిట్ పాత 214 కమిట్‌లను కూడా మళ్ళీ పేర్చాలని చూస్తుంది, ఒక్కోదానికీ కాన్‌ఫ్లిక్ట్ రావచ్చు. చెప్పాల్సింది ఇలా:

గిట్ రీబేస్ --ఆన్‌టు అప్‌స్ట్రీమ్/మెయిన్ 214-డేట్-ఫార్మాట్ 220-డేట్-టెస్ట్

"214 చివరి నుంచి 220 చివరిదాకా ఉన్నవి మాత్రమే తీసి, కొత్త మెయిన్ మీద పెట్టు" అని అర్థం. దీనికి పాత 214 బ్రాంచి సొంత సిస్టంలో ఉండాలి. మెర్జ్ అయింది కదా అని ముందే తీసేస్తే హద్దు పోతుంది. తీసేసి ఉంటే, తీసేటప్పుడు గిట్ "వాజ్" అని పక్కన చూపించిన ఏడెనిమిది అక్షరాల ఐడీని బ్రాంచి పేరు చోట ఇవ్వొచ్చు. రివ్యూలో 214 మారితే 220 కూడా జరగాలి. 2022 అక్టోబరులో వచ్చిన 2.38 నుంచి, పై బ్రాంచిని --అప్‌డేట్-రెఫ్స్‌తో రీబేస్ చేస్తే మధ్యలో ఉన్న బ్రాంచి పేర్లను కూడా అదే జరుపుతుంది. మూడో అంతస్తు మాత్రం వద్దంటాను. కింద ఒక మాట మారితే పైన రెండు పుల్ రిక్వెస్ట్‌లు మళ్ళీ చదవాలి, అంత ఓపిక రివ్యూయర్‌కి ఉండదు.

పరీక్షల తర్వాత తిరిగొచ్చిన బ్రాంచి

విద్యార్థుల బ్రాంచిలు ముసలివయ్యేది సెమిస్టర్ పరీక్షలప్పుడు, తర్వాత సంక్రాంతి సెలవుల్లో. ఊరికి బయల్దేరే ముందు సగంలో ఉన్న పనైనా సరే, డబ్ల్యూఐపీ (పని ఇంకా నడుస్తోంది) అని కమిట్ చేసి సొంత ఫోర్క్‌కి పుష్ చేసి వెళ్ళమంటాను. స్టాష్‌లో (కమిట్ చేయని మార్పులను పక్కన దాచే చోట) పెట్టి వెళ్ళడం వద్దు. స్టాష్ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంటుంది, పుష్‌తో వెళ్ళదు. తిరిగొచ్చేసరికి ల్యాబ్ సిస్టం ఫార్మాట్ అయిపోయి ఉండొచ్చు.

తిరిగొచ్చాక గిట్ ఫెచ్ అప్‌స్ట్రీమ్, గిట్ రీబేస్ అప్‌స్ట్రీమ్/మెయిన్. దానికి ముందు రెండు సెట్టింగులు పెట్టిస్తాను. ఒకటి మెర్జ్.కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్ జెడ్‌డిఫ్3 (2.35 నుంచి ఉంది, అంతకుముందు వాటిలో డిఫ్3). ఇది రెండు వైపులతోపాటు మొదట్లో ఆ లైన్లు ఎలా ఉండేవో కూడా మధ్యలో చూపిస్తుంది. ఎవరు ఏం మార్చారో ఊహించాల్సిన పని ఉండదు. రెండోది రెరెరె.ఎనేబుల్డ్ ట్రూ. ఒకసారి తీర్చిన కాన్‌ఫ్లిక్ట్‌ని గుర్తుంచుకుని, అదే మళ్ళీ వస్తే అలాగే తీరుస్తుంది.

ఇక్కడ పెద్ద ఉచ్చు అవర్స్, దెయిర్స్. మెర్జ్‌లో అవర్స్ అంటే నా బ్రాంచి. రీబేస్‌లో అది తిరగబడుతుంది. గిట్ ముందు అప్‌స్ట్రీమ్ మీద నిలబడి, నీ కమిట్‌లను ఒక్కొక్కటిగా దాని మీద పేరుస్తోంది కాబట్టి అవర్స్ అంటే అప్‌స్ట్రీమ్, దెయిర్స్ అంటే నువ్వు రాసింది. "నాది ఉంచు" అనుకుని --అవర్స్ కొడితే సొంత పనే పోతుంది. ఎక్కడైనా అనుమానం వస్తే గిట్ రీబేస్ --అబార్ట్. మొదలుపెట్టక ముందు ఎలా ఉందో అలా తిరిగొస్తుంది.

పీఓ ఫైళ్ళలో కాన్‌ఫ్లిక్ట్ ఇంకో రకం. అనువాదాలు ఢీకొనకపోయినా ఫైలు ఢీకొంటుంది. తలకట్టులో పాట్-క్రియేషన్-డేట్, పీఓ-రివిజన్-డేట్ అని రెండు తేదీల లైన్లుంటాయి. అవి ఎవరు ఫైలు తాకినా మారతాయి. ప్రతి వాక్యం మీదా #: అని మొదలయ్యే లైనులో, ఆ వాక్యం కోడులో ఏ ఫైల్లో ఏ లైనులో ఉందో రాసి ఉంటుంది. కోడులో పైన ఒక్క లైను చేరితే కింద నంబర్లన్నీ జరుగుతాయి. వందల చోట్ల గుర్తులు పడ్డ ఆ ఫైలును చేత్తో దిద్దబోతే కోట్స్ తెగి ఫైలే పనికిరాకుండా పోతుంది. రీబేస్ ఆగిన చోట ఇలా చేయాలి (ఎంఎస్‌జీతో మొదలయ్యేవి పీఓ ఫైళ్ళ కోసం ఉన్న గెట్‌టెక్స్ట్ పరికరాలు, మెసేజెస్.పాట్ అనువదించాల్సిన వాక్యాల ఫైలు):

గిట్ షో :2:పీఓ/టీఈ.పీఓ > అప్‌స్ట్రీమ్.పీఓ
గిట్ షో :3:పీఓ/టీఈ.పీఓ > మైన్.పీఓ
ఎంఎస్‌జీక్యాట్ --యూజ్-ఫస్ట్ -ఓ అప్‌డేట్.పీఓ అప్‌స్ట్రీమ్.పీఓ మైన్.పీఓ
ఎంఎస్‌జీమెర్జ్ అప్‌డేట్.పీఓ మెసేజెస్.పాట్ | ఎంఎస్‌జీఅట్రిబ్ --నో-అబ్సొలీట్ > పీఓ/టీఈ.పీఓ
ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ -సి -వి -ఓ /డెవ్/నల్ పీఓ/టీఈ.పీఓ

అప్‌స్ట్రీమ్ ముందు, మైన్ తర్వాత. ఈలోగా ఇతరులు చేసి, రివ్యూ అయిన అనువాదాలు అలాగే ఉండాలి; ఖాళీగా ఉన్నచోట్లే విద్యార్థి మాటలు నిండాలి. ఇప్పటికే ఉన్న అనువాదాన్ని ఆ విద్యార్థి దిద్ది ఉంటే అది మాత్రం ఇందులో రాదు. గిట్ షో రీబేస్_హెడ్ (ఇది పెద్ద అక్షరాల్లో కొట్టాలి) చూసి ఆ నాలుగైదూ చేత్తో పెట్టుకోవాలి. చివరి కమాండ్ తప్పులేమీ చూపకపోతేనే గిట్ యాడ్, గిట్ రీబేస్ --కంటిన్యూ. ఈ పనంతా విండోస్ గిట్‌తో వచ్చే గిట్ బ్యాష్ టెర్మినల్‌లో చేయాలి. విండోస్‌తో వచ్చే పాత పవర్‌షెల్ 5.1లో > గుర్తు ఫైలును యూటీఎఫ్-16గా రాస్తుంది, తెలుగంతా చెడిపోతుంది.

ఈ బాధ అసలు లేకుండా చేయడం మెయింటెయినర్ చేతిలోనే ఉంది. వాక్యాలు తీసేటప్పుడు --యాడ్-లొకేషన్=ఫైల్ ఇస్తే లైను నంబర్లు రాయదు, ఫైలు పేరు మాత్రమే ఉంటుంది. ఏ ప్రాజెక్టుకైనా విద్యార్థులు అనువాదాలు పంపుతుంటే మొదట చేయాల్సిన మార్పు ఇదేనని నా అభిప్రాయం. ఇంకోటి: తెలుగులో పొల్లు తర్వాత అక్షరం కలవకుండా పెట్టే జీరో విడ్త్ నాన్ జాయినర్ (యూ+200సి) కంటికి కనపడదు. డిఫ్‌లో రెండు లైన్లూ ఒకేలా ఉండి, ఎర్రగా ఒకటి, పచ్చగా ఒకటి కనిపిస్తే అదే కారణం అయి ఉండొచ్చు. గిట్ డిఫ్ --వర్డ్-డిఫ్-రెజెక్స్=. అక్షరం అక్షరం విడదీసి చూపిస్తుంది.

రివ్యూ నడుస్తున్నప్పుడు

రివ్యూ మొదలయ్యాక ప్రతి చిన్న దిద్దుబాటుకీ చరిత్ర తిరగరాసి ఫోర్స్ పుష్ చేస్తే, రివ్యూయర్ ఇంతకుముందు ఎంతవరకు చూశారో తెలియకుండా పోతుంది. దిద్దుబాట్లు గిట్ కమిట్ --ఫిక్సప్ <ఐడీ> అని విడిగా పంపాలి. అంతా ఒప్పుకున్నాక గిట్ రీబేస్ -ఐ --ఆటోస్క్వాష్ అప్‌స్ట్రీమ్/మెయిన్ అంటే ఏది దేనిలో కలవాలో అదే సర్దుతుంది. ఎలాగూ స్క్వాష్ మెర్జ్ చేసే చోట ఈ చివరి మెట్టు కూడా అక్కర్లేదు. ఫోర్స్ తప్పనప్పుడు --ఫోర్స్-విత్-లీజ్ వాడాలి. నేను చివరిసారి చూశాక ఆ బ్రాంచిలోకి ఇంకెవరూ ఏమీ పెట్టలేదనుకుంటేనే అది పంపుతుంది. అయితే వీఎస్ కోడ్‌లో ఆటో ఫెచ్ పెట్టుకున్నవాళ్ళకి ఈ రక్షణ చాలదు. వెనకాల ఫెచ్ జరిగిపోవడంతో "చూశాడు" అని లెక్క పడిపోతుంది. 2.30 నుంచి ఉన్న --ఫోర్స్-ఇఫ్-ఇన్‌క్లూడ్స్‌ని దానికి జతచేయాలి.

పుల్ రిక్వెస్ట్ పేజీలో "అలో ఎడిట్స్ బై మెయింటెయినర్స్" అని టిక్కు ఉంటుంది. అది ఉంటే చిన్న అచ్చుతప్పు మేమే దిద్ది వాళ్ళ బ్రాంచిలోకి పుష్ చేస్తాం. దిద్దిన వెంటనే పుల్ రిక్వెస్ట్‌లో "ఒక కమిట్ పెట్టాను, మొదట గిట్ పుల్ --రీబేస్ చెయ్యి" అని రాయాలి. రాయకపోతే ఆ కుర్రాడు తర్వాత చేసే ఫోర్స్‌తో మేం దిద్దింది ఎగిరిపోతుంది. క్లబ్బు పేరు మీద ఆర్గనైజేషన్ ఖాతాలో ఫోర్క్ చేసుంటే ఈ టిక్కు పనిచేయదు. సొంత ఖాతాలోనే ఫోర్క్ చేయమనడానికి ఇదొక కారణం.

పోయిన పని, పోయిన కరెంటు

"అన్నా, పొద్దున్నుంచి చేసిందంతా పోనాది, రీసెట్ కొట్టీసినాను" అని ఫోన్ వస్తే మొదట అడగాల్సింది ఒకటే: కమిట్ చేశావా, సేవ్ మాత్రమే చేశావా? కమిట్ చేసి ఉంటే దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. గిట్ రీఫ్లాగ్‌లో హెడ్ (ఇప్పుడు మనం నిలబడ్డ కమిట్) నడిచిన దారంతా ఉంటుంది. కావలసిన లైను ఐడీ చూసి గిట్ బ్రాంచ్ రెస్క్యూ <ఐడీ> అంటే చాలు. ఏ బ్రాంచికీ అందని కమిట్‌ల నమోదు మామూలుగా 30 రోజులు, అందేవాటిది 90 రోజులు ఉంటుంది. కమిట్ చేయకపోయినా గిట్ యాడ్ చేసి ఉంటే గిట్ ఎఫ్‌ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్ ఆ ఫైళ్ళను పేర్లు లేకుండా .గిట్/లాస్ట్-ఫౌండ్/అదర్ ఫోల్డర్లో పెడుతుంది. అదీ లేకపోతే గిట్ ఏమీ చేయలేదు. వీఎస్ కోడ్ టైమ్‌లైన్‌లో పాత సేవ్‌లు ఉన్నాయేమో చూడటమే దారి.

తుఫాన్ల కాలంలో, అంటే అక్టోబరు, నవంబరుల్లో, కమిట్ అవుతుండగా కరెంటు పోయి యూపీఎస్ లేని సిస్టం ఆగిపోతే మళ్ళీ ఆన్ చేశాక "ఆబ్జెక్ట్ ఫైల్ ఈజ్ ఎంప్టీ" అని వస్తుంది. డిస్కుకి రాసేలోపే ఆగిపోయిన ఫైళ్ళు సున్నా సైజుతో మిగిలాయన్నమాట. ముందు ఫోల్డర్ మొత్తం వేరే చోటికి కాపీ చేయాలి. తర్వాత ఫోర్క్‌ని కొత్తగా క్లోన్ చేసి, పని చేస్తున్న ఫైళ్ళను మాత్రం కాపీలోంచి అందులోకి తెచ్చి కమిట్ చేయడం తేలిక. పాడైన .గిట్ ఫోల్డర్‌తో గంటలు కుస్తీ పట్టక్కర్లేదు. కమిట్ చేసిన ప్రతిసారీ పుష్ చేసేవాళ్ళకి ఇందులో పోయేది చివరి కాసేపటి పనే. ల్యాబ్‌లో 2.36 తర్వాతి గిట్ ఉంటే కోర్.ఎఫ్‌సింక్ కమిటెడ్ అని పెట్టించాలి. కొంచెం నెమ్మదవుతుంది గానీ డిస్కుకి చేరాకే ముందుకు కదులుతుంది.

మూసేటప్పుడు

మెర్జ్ అయిన బ్రాంచిని గిట్ బ్రాంచ్ -డి అంటే "పూర్తిగా మెర్జ్ కాలేదు" అని గిట్ ఒప్పుకోకపోవచ్చు. స్క్వాష్‌లో కమిట్ ఐడీ మారింది కాబట్టి దానికి తెలియదు. పుల్ రిక్వెస్ట్ పేజీలో మెర్జ్ అయినట్టు ఊదారంగు గుర్తు చూసుకుని, దాని మీద ఆధారపడ్డ బ్రాంచి ఏదీ లేదనుకుంటే పెద్ద -డి వాడాలి. ఫోర్క్‌లో తీసేసినవి గిట్ ఫెచ్ --ప్రూన్ ఆరిజిన్ చేశాక గిట్ బ్రాంచ్ -వివిలో "గాన్" అని కనిపిస్తాయి, వాటిని ఏరేయొచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో చివరి ఏడాది పిల్లలు హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్ళిపోతారు, తెరిచిన పుల్ రిక్వెస్ట్‌లు కొన్ని మిగిలిపోతాయి. కొందరు ఫోర్క్‌ని కూడా తీసేస్తారు. అయినా పని పోదు. అప్‌స్ట్రీమ్ దగ్గర ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ ఒక దాచిన రెఫ్ (కమిట్‌ని చూపే పేరు) ఉంటుంది. గిట్ ఫెచ్ అప్‌స్ట్రీమ్ పుల్/231/హెడ్:అడాప్ట్-231 అంటే ఆ కమిట్‌లు అసలు ఆథర్ పేరుతోనే దిగుతాయి. జూనియర్ ఎవరైనా దాన్ని కొత్త మెయిన్ మీద రీబేస్ చేసి, మిగిలిన రివ్యూ దిద్దుబాట్లు వేరే కమిట్‌గా చేసి, తన ఫోర్క్ నుంచి కొత్త పుల్ రిక్వెస్ట్ పంపాలి. వివరణలో పాత నంబరు రాయాలి. రీబేస్‌లో ఆథర్ పేరు మారదు, కమిటర్ పేరే మారుతుంది. ఇలాంటివి మాత్రం మేం స్క్వాష్ చేయం. రీబేస్ మెర్జ్ చేస్తే ఇద్దరి కమిట్‌లూ ఎవరి పేరుతో వాళ్ళవి మెయిన్‌లో ఉంటాయి.